ఈశాన్య మూల పెట్టె

ఫిబ్రవరి 5, 2017. ఆదివారం

మోకాళ్ళు రెండూ ఒకేసారి నొప్పి. ఇన్నాళ్ళకు వాటికి ఏకాభిప్రాయం కుదిరింది.

హైమ వచ్చింది. రాజాం కాలేజీ నుంచి, స్కూటీ మీద, వెనక సీటుకు అట్టపెట్టె కట్టుకుని. అందులో నాలుగు చిన్న పెట్టెలు — ఒక్కోటీ టిఫిను డబ్బా అంత. పైన చిల్లు, చిల్లులో మైకు. ఇంజినీరింగు ఆఖరి ఏడాది ప్రాజెక్టట. ఎక్కడైనా తుపాకి పేలితే నాలుగు పెట్టెలూ వింటాయి. ఏది ముందు విన్నదో, ఏది ఎంత ఆలస్యంగా విన్నదో చూసి, పేలిన చోటు చెబుతాయి.

"మన ఊళ్ళో తుపాకులెక్కడివే?" అన్నాను.

"అందుకే మామ్మా, సుతిలి బాంబులు తెచ్చుకున్నాను."

ఆడపిల్లల్ని చదివించండి అని ఊరంతా తిరిగి చెప్పినదాన్ని నేనే. అనుభవించాలి.

తుపాకులు లేవన్నది మర్యాదకు. అడవి పందులు మొక్కజొన్నలో దిగిన నాడు ఎవరి చూరులోంచి ఏ గొట్టం దిగుతుందో అందరికీ తెలుసు. ఎవరూ చూడలేదు.

పెట్టెలు ఎక్కించాం. ఒకటి మా మేడ మీద, ఒకటి బడి మీద, ఒకటి పాలకేంద్రం మీద. నాలుగోది మా తోటికోడలు నరసమ్మ మేడ మీద, ఈశాన్యం మూల, ఇటుక మీద. నైరుతిలో నీళ్ళ టాంకు అడ్డం. ప్రతి పెట్టె చోటునూ హైమ టేపు పెట్టి కొలుచుకుంది. "పిన్నమామ్మా, ఇది కదిలితే నా లెక్కంతా పోతుంది. ఎవ్వరూ ముట్టుకోకూడదు."

"నానెందుకు ముడతానే గుంటా," అంది నరసమ్మ.

ఫిబ్రవరి 6, సోమ

పరీక్ష. పాలకేంద్రం వెనక ఖాళీ జాగాలో హైమ బాంబు అంటించింది. నేను మేడ మీద లాప్‌టాప్ ముందు కాపలా. పొగ ముందు కనబడింది. చప్పుడు తర్వాత వచ్చింది... చిన్నప్పుడు నెల్లిమర్లలో ఏటి అవతలి రేవు ఇలాగే ఉండేది. బట్ట బండకు తగలడం కనబడేది, చప్పుడు ఆగి వచ్చేది. అడిగితే నాన్న "చప్పుడు నడిచి రావాలి కదమ్మా" అన్నారు. నా భౌతికశాస్త్రమంతా ఆ ఒక్క మాట. తర్వాత చదివినదంతా దానికి గుడ్డలు తొడగడమే.

తెర మీద ఊరి పటం. దాని మీద ఎర్రచుక్క. సరిగ్గా హైమ నిలబడ్డ చోట.

యంత్రం చెబితే నమ్మే వయసు కాదు నాది. గ్రాఫు కాగితం తీశాను. రెండు పెట్టెలకు చప్పుడు చేరిన తేడా తెలిస్తే, పేలిన చోటు ఒక వంపు గీత మీద ఎక్కడో ఉంటుంది. అతిపరావలయం! ఉద్యోగం చేసినన్నాళ్ళూ బోర్డు మీద గీశాను దాన్ని. "ఇదెందుకు టీచర్?" అన్న ప్రతి పిల్లకూ "పరీక్షకు" అన్నాను. మా పెట్టెను మిగతా మూడింటితో జత కడితే మూడు గీతలు. మూడూ ఒక్క చోట కలిశాయి. ఎర్రచుక్క ఉన్న చోటే.

పెన్సిలు ముక్కు విరిగింది. చెక్కుకుని మళ్ళీ గీశాను, అక్కర లేకపోయినా.

ఫిబ్రవరి 7

హైమ వెళ్ళింది. పెట్టెలు వారం ఉంటాయి. చోడంబలి, ఎండుచేప. హాయి.

ఫిబ్రవరి 9, గురువారం

నరసమ్మ రాక. కాఫీలో చక్కెర చాలలేదు, మా అరుగు ఎత్తు ఎక్కువ, నా చీర రంగు వెలిసింది. ఇవి అయ్యాక అసలు సంగతి.

"అక్కా, ఆ పెట్టె ఎట్టిన కాణ్ణించి మా మిక్సీ కాలిపోనాది."

"నీ కోడలు అందులో రాళ్ళుప్పు వేసి తిప్పింది. అందుకు కాలింది."

"ఈసాన్నెంలో బరువుండకూడదంట. పంతులుగోరు మరీ మరీ సెప్పినారు."

"నీ చెవి కమ్మలంత బరువు లేదే అది."

కమ్మలు తడుముకుంది. అది పొగడ్త అనుకుంది కాబోలు, కాఫీ ఇంకో గుక్కెడు పోయించుకుంది.

ఫిబ్రవరి 10

ఏమీ లేదు. జీడిపూత వాసన ఊళ్ళోకి వచ్చేసింది. కిటికీ మూయలేదు.

ఫిబ్రవరి 12, ఆదివారం

ఇవాళ్టిది వరసగా రాయాలి.

హైమ పొద్దున్నే వచ్చింది, పెట్టెలు దింపుకుపోదామని. సాయంత్రం దింపుదాంలే, వంకాయ కూర తిను అన్నాను. దీపాలు పెట్టే వేళ — ఒక్క పేలుడు. బాంబు కాదు. బాంబు చప్పుడు బోలుగా ఉంటుంది, ఇది గట్టిగా, పొట్టిగా. తర్వాత అరుపులు. మేతనుంచి ఇంటికి వస్తున్న సూర్నారాయణ కర్రావుకు తొడలో తుపాకి రవ్వలు తగిలాయి. ఎవరో పందిని కాల్చబోయారు.

ఆవు బతుకుతుంది. ముందే రాసుకుంటున్నాను, లేకపోతే నాకు నిద్ర రాదు.

హైమ మేడ ఎక్కి దిగింది. మొహం వెలిగిపోతూ... "మామ్మా! నాలుగు పెట్టెలూ విన్నాయి! నిజం తుపాకి!" అప్పటికి మా అరుగు ముందు సగం ఊరు. లాప్‌టాప్ అందరికీ చూపించేసింది. చుక్క మాకు పాలు పోసే పైడయ్య మొక్కజొన్న చేలో ఉంది.

సూర్నారాయణ ఒక్కటే మాట — "సూసినారా, మిసనే సెప్పినాది." గట్టు తగువు వాళ్ళిద్దరికీ పాతది.

పైడయ్య అక్కడే ఉన్నాడు. పాల తపేలా చేత్తో పట్టుకుని.

నేనూ చూశాను ఆ చుక్కను. గర్వంగానే చూశాను.

ఫిబ్రవరి 13, సోమ

పైడయ్య పాలు తెచ్చాడు. ఎప్పటి వేళకే. పోసి, నిలబడిపోయాడు.

"అమ్మగోరూ, నాకాడ తుపాకి లేదు. పందులొస్తే నాను డబ్బా వాయిస్తాను. మీకు తెల్దేటి?"

తెలుసు. సంధ్యవేళ అతని చేలోంచి డబ్బా చప్పుడు ఏళ్ళుగా వింటున్నాను. నిన్నా విన్నానా? గుర్తు లేదు. అలవాటైన చప్పుడు వినబడదు, ఆగితేనే తెలుస్తుంది.

"ఆదివారం నాలుగ్గంటలకి పెద్దల్ని కూకోబెడతారంట. పెద్దలు నాదే తప్పంటే సూర్నారాయణ టేసనుకి ఎల్తాడంట. నాటు తుపాకి కేసంటే నన్నొగ్గుతారేటమ్మా?"

"పెట్టె పొరపాటు పడొచ్చు" అన్నాను.

"మిసను తప్పు సెప్తాదేటమ్మా," అన్నాడు. తనమీద పడ్డ నేరం కంటే మిషను మీద నమ్మకమే ఎక్కువలా ఉంది అతనికి. అదే బాధ.

హైమ పెట్టెల్ని కదపకుండా వదిలేసి వెళ్ళింది. ప్రొఫెసరుగారు చూడాలన్నారట. నిజం తుపాకి దొరికిన ప్రాజెక్టు ఇంకెవరికీ లేదట.

ఫిబ్రవరి 14

హైమ ఫోనులో అంకెలు చదివింది. నేను గీశాను.

మూడు గీతలు కలవలేదు.

రెండోసారి గీశాను. పెన్సిలు తప్పేమో అని మూడోసారి. కలవవు. మధ్యలో సన్నటి ముక్కోణం ఖాళీగా ఉంది. యంత్రం ఆ ముక్కోణం నడుమ చుక్క పెట్టి ఊరుకుంది. ఆ నడుమ పైడయ్య చేను వచ్చింది.

"కొంచెం ఎర్రర్ ఉంటుంది మామ్మా."

"బాంబుకు లేని ఎర్రర్ తుపాకికి ఎందుకే? అదే పెట్టెలు, అదే గాలి, అదే నువ్వు."

అటు వైపు కాసేపు మాట లేదు. ఆ మౌనం నాకు తెలుసు. తెలివైన పిల్ల తప్పు పట్టుకోబోయే ముందు చేసే మౌనం. పరీక్ష గదుల్లో దానికోసమే తిరిగేదాన్ని.

"ఏదో ఒక పెట్టె నేను కొలిచిన చోట లేదు."

అదీ మాట.

ఫిబ్రవరి 15, బుధ

మా మేడ మీదిది సరిగ్గా ఉంది. బడి మీదిదీ ఉంది. హెడ్మాస్టరు నిచ్చెన పట్టుకున్నాడు, నేను ఎక్కాను. వద్దు వద్దంటూనే పట్టుకున్నాడు, నా దగ్గర చదివినవాడే. పాలకేంద్రానిది కూడా సరిగ్గానే ఉంది. కర్రావు మేత ముట్టిందట. పశువుల డాక్టరు రవ్వలు తీసేశాడు.

మిగిలింది ఒకే మేడ. ఇరవై మెట్లకు పైనే. మోకాళ్ళు రేపటికి వాయిదా అడిగాయి. ఇచ్చాను.

ఫిబ్రవరి 16, గురువారం

నరసమ్మ మేడ. ఈశాన్యం మూల వడియాలు, చీర పరిచి, వరసలుగా. పెట్టె లేదు. నైరుతిలో, టాంకు పక్కన, ఇటుక మీద కూర్చుని ఉంది. దాని నుదుటన కుంకుమ బొట్టు.

నుదురు అని రాశాను. చిల్లు పక్కన అన్నమాట. మైకును వదిలేసి పెట్టింది, ఆ మాత్రం దయ.

"ఏమిటే ఇది?"

"జరిపినాను. శుక్రోరం నాడు, తలంటు పోసుకుని మరీ. నైరుతిలో ఎంత బరువుంటే అంత మంచిదంట గదా. ఆ పిల్ల పెట్టెకీ మంచిదే, మా ఇంటికీ మంచిదే."

"ముట్టుకోవద్దంది కదే!"

"ముడితే తప్పేటక్కా, కొట్టినానేటి? ఎత్తి ఇక్కడెట్టినాను. మేడ అదే, పెట్టె అదే. ఈ మూల నుంచి సెవుడేటి దానికి?"

"వడియాలు బరువు కాదా మరి?"

"ఎండిపోతే తేలికయిపోతాయి గదేటి."

మెట్ల మీద కూర్చుని నవ్వాను. చాలా రోజుల తర్వాత కడుపు పట్టుకుని నవ్వడం. అదీ నవ్వింది, ఎందుకో తెలియకుండా. పైడయ్య బయటపడ్డాడు అనుకున్నాను. అంతే అనుకున్నాను అప్పటికి.

టేపు పట్టించి కొత్త చోటు కొలిచాను. హైమకు చెప్పాను. ఫోనులో తల కొట్టుకున్న చప్పుడు వినబడింది. అది ఏ చోటినుంచో లెక్క అక్కర్లేదు.

అదే రోజు, దీపాలు పెట్టాక

కలిశాయి. మూడు గీతలూ సూదిమొన మీద.

బండిదారికి అటు పక్క పైడయ్య చేను. ఇటు పక్క జీడితోట, మోటారు గది. గీతలు మోటారు గది దగ్గర కలిశాయి.

జీడితోట రాంబాబుది. నరసమ్మ కొడుకు.

ఫిబ్రవరి 17

రాంబాబు సోమవారం నుంచి ఊళ్ళో లేడు. రాజాంలో పని ఉందన్నాడట.

చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని గుణకారాలు నేర్చుకున్నాడు. ఏడో ఎక్కం దగ్గర ఎప్పుడూ తడబడేవాడు.

హైమ అడుగుతోంది — "ఎవరికి చెప్పాలి మామ్మా?" పెట్టె జరిగింది కాబట్టి ఆ చుక్క చెల్లదు అని చెప్పి ఊరుకుంటే? పైడయ్య మీద నేరం సగమే పోతుంది. మరి ఎక్కడ పేలింది అని సూర్నారాయణ అడుగుతాడు. అడగకపోతే వాడు సూర్నారాయణే కాడు. కొత్త లెక్క ఉందా అంటే హైమ లేదనదు. ఆ పిల్లకు అబద్ధం నేర్పని వాళ్ళలో నేనొకదాన్ని.

అసలు పెట్టె జరిగిందని పెద్దలు నమ్మాలంటే జరిపిన మనిషి చెప్పాలి. నేను చెబితే మనవరాలి లెక్క కాపాడుకుంటోంది అంటారు.

అంటే నరసమ్మే.

ఫిబ్రవరి 18, శని

పిలిపించాను. కాఫీలో చక్కెర ముందే ఎక్కువ వేశాను. గుక్క తాగి నా మొహం చూసింది.

"ఏటక్కా, ఎవులు సచ్చిపోనారు?"

కాగితం పరిచాను. పాత గీతలు, కొత్త గీతలు. చూపుడువేలితో మేడ చూపించాను, మూల చూపించాను. అది చదువుకోలేదు కానీ తోట ఎక్కడుందో కాగితం మీద పట్టుకుంది. పొలం తెలిసిన మనిషి.

"ఇది మా మోటారు గది గదేటి."

"అవును."

చాలాసేపు కాగితం మీద వేలు తియ్యలేదు.

"నాను జరపకపోతే?"

"మొదటి రోజే చుక్క ఇక్కడ పడేది."

"అయితే నా కొడుకుని నానే కాసినాను. తెలీకుండా." నవ్వబోయింది. "పంతులుగోరు సెప్పినట్టే, మంచే జరిగినాది."

"పైడయ్యకు?"

పైడయ్య దాని పొలం కోతలకు వచ్చినవాడే. దాని పెనిమిటి పోయినప్పుడు పాడె పట్టినవాడు కూడా. అవేవీ నేను అనలేదు. అనక్కర్లేదు.

"ఆ పెట్టె మనిషి పేరు సెప్తాదేటి?"

"చెప్పదు. చోటే చెబుతుంది."

"తోటలో ఎవులైనా దూరొచ్చు."

"దూరొచ్చు. నువ్వు ఆ మాటే అనొచ్చు. నేను కాదనను. కానీ ముందు పెట్టె జరిపింది నువ్వేనని చెప్పాలి."

"సెప్పకపోతే?"

"చెప్పకపోతే పైడయ్య రేపు స్టేషనుకు వెళతాడు. సోమవారం నాకు పాలు ఎవరు పోస్తారు అని బెంగ."

కోపంగా చూసింది. నా నోటి సంగతి తెలిసిన మనిషి, ఇంత బాధలోనూ మూతి బిగించుకుని నవ్వు ఆపుకుంది. "నీ నోరు కాల," అంది. లేచింది. గడపలో ఆగి —

"మా బావ... మీ ఆయన ఉంటే ఏటనీవారు?"

"ఆయన పేపరు చదువుతూ ఉండేవారు."

వెళ్ళిపోయింది. కాఫీ సగం గ్లాసులో. అది నా ఇంట్లో కాఫీ మిగల్చడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 19, ఆదివారం

పొద్దున్న పైడయ్య పాలు పోశాడు. నురగ తగ్గేదాకా ఆగి ఇంకో గరిటె పోశాడు, రోజూ లాగే. "మజ్జేనం తరవాత వస్తారు గదా అమ్మగోరు?" "వస్తాను." ఉతికిన చొక్కా వేసుకున్నాడు, పొద్దున్నుంచే.

హైమ వచ్చింది. కొత్త పటం తెచ్చింది, కానీ లాప్‌టాప్ సంచిలోంచి తియ్యలేదు. నేర్చుకుంది. వంకాయ కూర మళ్ళీ వండాను. ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం, బాగానే తిన్నాం. "మామ్మా, నా ప్రాజెక్టు రిపోర్టులో వాస్తు అని ఒక పేరా రాయాలా?" అంది. "అనుబంధంలో పెట్టు" అన్నాను. మనవరాలి పక్కన కూర్చుని చుక్కల్నీ గీతల్నీ తిట్టుకోవడం ఈ నెలలో నాకు దక్కిన సుఖం. అది రాయకుండా ఈ పేజీ ముగించకూడదు.

మూడు దాటాక నరసమ్మ వచ్చింది.

ఇస్త్రీ చీర. కమ్మలు లేవు. చేతిలో వడియాల డబ్బా — ఎండినవి, నాకట. చీర కొంగు అంచుకు సున్నం అంటి ఉంది, మేడ పిట్టగోడ సున్నం.

అరుగు మీద కూర్చుంది. ఈసారి ఎత్తు గురించి ఏమీ అనలేదు.

"పెట్టెని మళ్ళీ ఈసాన్నెంలో ఎట్టీసినాను అక్కా. ఆ గుంట కొలిసిన కాడే. ఇటుకరాయి గురుతు ఉన్నాది, సూసి మరీ ఎట్టినాను."

హైమ నా వైపు చూసింది. నేను వడియాల డబ్బా వైపు చూశాను.

తప్పు దిద్దుకుందా? లేక జరిగిందన్న గుర్తే లేకుండా చేసిందా? రెండిటికీ పెట్టె చోటు ఒక్కటే.

బొట్టు తుడిచిందా అని అడగబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది... అడగలేదు. నా నోటికి ఇది కొత్త.

"రాంబాబు ఫోను సేసినాడు పొద్దున్న," అంది. అంతే అంది.

కాఫీ ఇచ్చాను. మొత్తం తాగింది.

బడి దగ్గర డప్పు మోగుతోంది, రమ్మని. నరసమ్మ నాకంటే ముందు లేచి చెయ్యి ఇచ్చింది — "మెట్టుంది, సూసుకో." అరచేతిలో ఎర్రగా ఏదో ఉంది. కుంకుమో, ఇటుక పొడో. చత్వారం కళ్ళు, తేల్చలేదు.

చెప్పులు వేసుకుంటోంది. కలం మూస్తున్నాను.